సారుకు దమ్మున్నది

సుల్తానాబాద్‌లో దిగిపోతాను. చాయ్ కోసం అక్కడ బండి ఆపుతానని వెంకటి ముందే చెప్పాడు, అందరూ దిగుతారు, నేనూ దిగుతాను, కడుపులో బాగా లేదంటాను, మీరు పెద్దపల్లి వెళ్ళి ఆ పరుగు ఉరికి రండి అంటాను, రోడ్డు దాటి అవతలి వైపు నిలబడితే కరీంనగర్ బస్సు ఏదో ఒకటి రాకపోదు. ఎవరూ బతిమాలకముందే ఎక్కెయ్యాలి. బతిమాలితే కాదనలేను, ఆ సంగతి నా భార్య సరళకు తెలుసు, ఇప్పుడు వీళ్ళకూ తెలిసిపోయినట్టుంది. ఇంకా దుర్శేడు దాటలేదు. ముందు అద్దానికి మంచు పట్టింది, వెంకటి ఒక పాత బనీను గుడ్డతో తుడుస్తూ నడుపుతున్నాడు, తుడిచినప్పుడల్లా పైనున్న చిన్న అద్దంలోంచి నా వైపు ఒక చూపు చూస్తున్నాడు. ఎందుకు చూడాలి? ఇతను మాతో ఉరికే మంజుల మరిది, ఇవాళే మొదటిసారి కలిశాను, బండి ఎక్కేటప్పుడు జాగ్రత్త అన్నట్టు నా మోచెయ్యి పట్టుకొని "పైలం సారూ" అన్నాడు. నా వెనకే ఎక్కిన కైలాసాన్ని పట్టుకోలేదు. కైలాసానికీ నాకూ వయసులో ఒక ఏడాది అటో ఇటో. నన్ను మాత్రమే పట్టుకున్నాడు. అంటే ఇతనికి కూడా చెప్పారు.

మేం నలుగురం. నలుగురికీ ఉరకడం రాదు, రాదు కాబట్టే కలిశాం. ఎండాకాలం చివర్లో దీక్షిత హైదరాబాద్ నుంచి నా ఫోనుకు ఒక మెసేజ్ పంపింది, సృజన అనే అమ్మాయి ఎవరో రాసినది, ఉరకడం రానివాళ్ళు మాత్రమే రండి, ఉరకడం వచ్చినవాళ్ళు దయచేసి వద్దు, పొద్దున్నే కాలేజీ గ్రౌండు గేటు దగ్గర. దాని కింద నా కూతురు ఒక్క ముక్క కలిపింది, డాడీ, దీనికి మీరు కరెక్టుగా సరిపోతారు. నవ్వొచ్చి వెళ్ళాను. సరళ పోయిన తర్వాత పొద్దుటి పూట ఇంట్లో ఉండటం కష్టంగా ఉండేది, ఆమె మందుల వేళకు మెలకువ వచ్చేది, మందులు ఇవ్వాల్సిన మనిషి ఉండేది కాదు, లేచిన మనిషి ఏం చేయాలి, అందుకే వెళ్ళాను. ఇప్పుడు ఆలోచిస్తుంటే ఆ మెసేజ్ దీక్షిత దగ్గరికి ఎట్లా చేరింది? బీమా ఆఫీసులో పనిచేసే సృజనకూ హైదరాబాద్‌లో ఉండే నా కూతురికీ ఏం సంబంధం? మెసేజులు చేతులు మారుతూ పోతుంటాయి, నిజమే. కానీ మొన్న ఫోనులో దీక్షిత, పెద్దపల్లి పరుగులో మెల్లగా పోండి డాడీ అంది. పెద్దపల్లి సంగతి నేను ఆమెకు చెప్పానా? చెప్పినట్టు గుర్తు లేదు. చెప్పలేదన్నట్టూ గుర్తు లేదు.

సృజన నా ముందు సీట్లో కూర్చుని అందరి బనియన్లకూ గుచ్చాల్సిన నంబరు కాగితాలు సర్దుతోంది. ఆమె ఫోనులో ఒక గొంతు ఉంటుంది, ఇంగ్లీషులో నడవమని చెబుతుంది, ఉరకమని చెబుతుంది, మళ్ళీ నడవమంటుంది. కైలాసం ఆ గొంతును ఫోన్ల మేడం అంటాడు. మొదటి వారంలో మేము ఒక కరెంటు స్తంభం నుంచి ఇంకో స్తంభం దాకా ఉరికి అక్కడే కూలబడుతుంటే, మేడం మాత్రం అదే చల్లని గొంతుతో బాగా చేస్తున్నారని మెచ్చుకునేది. కైలాసం నడుం మీద చేతులు పెట్టుకొని, గామె మనతోని ఉరుకుతలేదు, గామెకేం ఎరుక అన్నాడు. అందరం నవ్వితే ఉన్న కాస్త ఊపిరి కూడా పోయింది. తర్వాత సృజన ఎక్కడో చదివి వచ్చి ఇంకో పద్ధతి పెట్టింది, మాట్లాడగలిగినంత వేగంతోనే ఉరకాలట, మాట తెగితే వేగం తగ్గించాలట. ఆ రోజు నుంచి ఎవరో ఒకరం మాట్లాడుతూనే ఉన్నాం. మంజుల తాను వంట చేసే హాస్టలు కబుర్లు చెప్పింది, వార్డెను ఉప్మాలో జీడిపప్పు ఏరుకుని తినడం, గ్యాస్ అయిపోతే పిల్లలే కట్టెలు మోసుకురావడం. కైలాసం సాంచాల కబుర్లు చెప్పాడు. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటారని నాకు అంతకు ముందు తెలియదు. జిల్లా కేంద్రంలో అన్నేళ్ళు జంతుశాస్త్రం చెప్పినవాణ్ణి, పక్క ఊరి మాట తెలియదు. కైలాసం సగం జీవితం ఆ సాంచాల మధ్య నిలబడి, ఇప్పుడు కరీంనగర్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాడు. మంజుల పుట్టిల్లూ సిరిసిల్లలో అతని వాడలోనే, చిన్నప్పుడు అదే షెడ్డులో నూలు కండెలు చుట్టిందట, అందుకే అతన్ని చిన్నాన్నను పిలిచినట్టు కాక అని పిలుస్తుంది. రక్తసంబంధమేమీ లేదు. ఉన్నవాళ్ళ కంటే ఎక్కువగా ఒకరి కళ్ళు ఒకరు చదువుకుంటారు. నాకు ఈ మధ్య నచ్చనిది అదే.

సాంచాల చప్పుడులో మాట వినపడదు కాబట్టి అక్కడ అందరూ చేతులతో మాట్లాడుకుంటారని కైలాసమే చెప్పాడు. దారం తెగిందనడానికి ఒక సైగ, కండె అయిపోయిందనడానికి ఒకటి, సేటు వస్తున్నాడనడానికి ఒకటి, అరచెయ్యి బోర్లించి కిందికి నొక్కితే సాంచె ఆపమని. ఈ విద్య నేర్పించమని నేనే అడిగాను, ముచ్చటపడ్డాను కూడా. ఆ తర్వాత కొన్ని వారాలకు ఒక పొద్దున మలుపు దగ్గర వెనక్కి తిరిగితే కైలాసం అరచెయ్యి బోర్లించి కిందికి నొక్కుతున్నాడు, మంజుల నా వైపు ఒకసారి చూసింది, వెంటనే ఆగి, ఫోనొస్తుంది సారూ అని చెవి దగ్గర పెట్టుకుంది. ఫోను మోగలేదు. నాకు చెవుడు లేదు. నేను అప్పటికి రొప్పుతున్నాను, మాట తెగుతోంది, ఆగితే బాగుండునని మనసులో అనుకుంటున్నాను, సరిగ్గా అప్పుడే ఆగాం. ఒకసారైతే అదృష్టం అనుకోవచ్చు. ఆ తర్వాత ప్రతిసారీ అంతే. ఇంక నావల్ల కాదు అనుకునే చోట మంజులకు ఫోనొస్తుంది, లేకపోతే కైలాసం బూటు లేసు ఊడుతుంది. అతను వంగుతాడు, చాలాసేపు వంగే ఉంటాడు, నేను నిలబడి ఊపిరి కూడదీసుకుంటాను. ఎంత మంచి మనుషులు, సరిగ్గా నాకు కావలసినప్పుడే వీళ్ళకు అడ్డంకులొస్తున్నాయి అనుకున్నాను. మొన్న సోమవారం వెలుతురు తొందరగా వచ్చింది. వంగి ఉన్న కైలాసం బూట్లు చూశాను. వాటికి లేసులే లేవు. అంటించుకునే పట్టీల బూట్లు.

లేని లేసులు కడుతున్నాడు. ఎవరి కోసం? ఆలోచించడానికి ఏముంది, నా కోసమే. అప్పుడు మిగతావన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఉరికేటప్పుడు నన్నే ముందుంచుతారు, సారు ముందట ఉరకాలె అంటాడు కైలాసం. మా నాయన ఊళ్ళో నడుస్తుంటే ఆయన్ను దాటి ఎవరూ ముందుకు పోయేవాళ్ళు కాదు, తొందర పనున్నా వెనకే నడిచేవాళ్ళు, చిన్నప్పుడు నాయన చెయ్యి పట్టుకొని నడుస్తూ మా వెనక అన్ని అడుగుల చప్పుడు ఎందుకో అర్థమయ్యేది కాదు. కైలాసం కూడా మొదటిరోజు నన్ను దొరా అన్నాడు, ఇంకోసారి అట్లా అనొద్దని అడిగితే సారూ అన్నాడు, ఆ తర్వాత నువ్వు అన్నాడు, నాకెంత తేలికయిందో చెప్పలేను. మాట మారింది సరే, కాళ్ళకున్న అలవాటు మారలేదేమో? ఇంకొకటి, ఈ మధ్య కైలాసం ఉరికేటప్పుడు తన కబుర్లు మానేశాడు, సారూ నువ్వు చెప్పు, పాఠం చెప్పు అంటాడు. కప్ప గుండెకు మూడు గదులుంటాయని, చేప మొప్పలతో ఊపిరి పీలుస్తుందని ఉరుకుతూ చెబుతున్నాను, నాకు తగిన విద్యార్థి ఇన్నాళ్ళకు దొరికాడని మురిసిపోయాను. ఇప్పుడు తెలుస్తోంది, వాళ్ళు పాఠం వినలేదు. మాట ఎక్కడ తెగుతుందా అని నా ఊపిరి వింటున్నారు, జ్వరం చూడటానికి నుదుటి మీద చెయ్యి వేసినట్టు.

ఇవన్నీ ఊహలు అనుకోవచ్చు. చెవులతో విన్నదాన్ని ఏమనుకోవాలి? పంపు దగ్గర మొహం కడుక్కుంటున్నాను, గోడకు అటువైపు కైలాసం మంజులతో గుసగుసలాడాడు. సాంచాల మధ్య బతికిన మనిషికి గుసగుస రాదు, అతను రహస్యం అనుకునేది గ్రౌండంతా వినిపిస్తుంది. సారుకు దమ్మున్నది అన్నాడు. స్పష్టంగా అన్నాడు. ఆ తర్వాత నీళ్ళ మోటారు వేశారు, ఏమీ వినపడలేదు, మోటారు ఆగేసరికి చివరి ముక్క ఒకటే మిగిలింది, సారుకు జెప్పకు అని. నేను గోడ పక్కనుంచి వచ్చేసరికి ఇద్దరూ నవ్వుమొహం పెట్టారు. మంజుల తువ్వాలు అందించింది.

దమ్ము. మా ఇంట్లో ఆ మాటకు ఒకటే అర్థం, ఉబ్బసం. ఇవాళ దమ్ము ఉందా అని అడిగేవాణ్ణి, కొంచెం ఉంది అనేది సరళ, రాత్రి దమ్ము లేచిందా, లేవలేదు, మబ్బు పట్టింది దమ్ము వస్తుందేమో కిటికీ ముయ్యి. వాతావరణం గురించి మాట్లాడుకున్నట్టు దాని గురించి మాట్లాడుకునేవాళ్ళం. మందు పీల్చే నీలం రంగు పంపును ఆమె పీక అనేది, బయలుదేరేటప్పుడు తాళం చెవి కంటే ముందు, నా పీక పెట్టుకున్నారా అని అడిగేది, నోట్లో పెట్టుకొని ఊదినట్టు చేసి నవ్వించేది. బజారులో నడుస్తున్నప్పుడు దమ్ము వస్తే ఎవరికీ తెలియనిచ్చేది కాదు. గాజుల దుకాణం ముందు ఆగేది. లేకపోతే చెప్పుల దుకాణం, లేకపోతే కుండలు అమ్మే మనిషి. తలవంచి ఒక్కొక్కటీ శ్రద్ధగా చూసేది, చేతిలోకి తీసుకునేది, నేను పక్కన నిలబడి ధర అడిగేవాణ్ణి, ఇంకొంచెం తగ్గించమని బేరమాడేవాణ్ణి, ఆమె ఊపిరి కుదుటపడేదాకా ఆ బేరం సాగేది, తర్వాత ఇద్దరం ఏమీ కొనకుండా కదిలేవాళ్ళం. టవర్ సర్కిల్ దగ్గర ఒక గాజులామెకు కొన్నాళ్ళకు సంగతి తెలిసిపోయింది. మేం కనపడగానే చిన్న స్టూలు జరిపేది, ధర ఎప్పటికీ తగ్గించేది కాదు, తగ్గిస్తే బేరం అయిపోతుంది కదా. ఆ మహాతల్లి పేరు కూడా నేను అడగలేదు.

వీళ్ళకు నా గురించి దమ్మున్నదని ఎవరు చెప్పారు? లేని జబ్బు నాకెట్లా అంటగట్టారు? దీక్షిత చెప్పి ఉంటుంది, మా డాడీకి కూడా అమ్మలాగే అవుతుందేమోనని భయం, కనిపెట్టుకొని ఉండండి అని. ఆ భయం నాకు తెలుసు, ఆమె గొంతులో వింటూనే ఉన్నాను, నేను మెట్లెక్కి ఫోను ఎత్తితే ఎందుకు రొప్పుతున్నారు అంటుంది. భయపడితే పడనీ. కానీ అడుక్కున్న స్నేహం నాకెందుకు? ఇన్ని నెలలుగా చీకటితో లేచి, బూట్లు కట్టుకొని, నా కోసం ముగ్గురు ఎదురు చూస్తుంటారని, నేను పోకపోతే ఆ ముగ్గురూ గేటు దగ్గర తచ్చాడుతుంటారని వెళ్ళానే, ఆ ముగ్గురూ రోగిని నడిపించడానికి వస్తున్నారా? అయినా నిన్నటిదాకా సర్దుకున్నాను. అనుమానం అనుమానమే, మనుషులు మంచివాళ్ళు, పోనీలే అనుకున్నాను. ఇవాళ బండి ఎక్కేటప్పుడు మంజుల సంచి జారింది. వాటర్ బాటిలు, అరటిపళ్ళు, దువ్వెన, వాటి కింద నీలం రంగు పీక. సరళదే అనుకున్నాను ఒక్క క్షణం. మంజుల గబుక్కున సంచి మూసింది, నా మొహం చూసింది, కైలాసం వైపు చూసింది. ఏదో సైగ. ఇద్దరూ కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టారు. నా కోసం పీక కూడా మోసుకొస్తున్నారు. దారిలో ఎక్కడో పడిపోతానని, పడిపోయినప్పుడు నోట్లో పెట్టాలని. అప్పుడే అనుకున్నాను, సుల్తానాబాద్‌లో దిగిపోతాను.

ఇరుకుల్ల వాగు దాటాం. వంతెన మీద బండి చప్పుడు మారింది, కింద వాగు కనపడలేదు, మంచు మాత్రం పారుతున్నట్టు ఉంది. గ్రానైటు రాయి మోసే లారీ ఒకటి ఎదురొచ్చింది, ఒక్క లారీకి ఒకటే రాయి, దాని పక్కనుంచి పోతుంటే బండిలో అందరం ఊపిరి బిగబట్టాం. వడ్ల రాసుల మీద పరదాలు కప్పి రోడ్డు పక్కన రైతులు పడుకున్నారు, ఒకాయన లేచి దుప్పటితోనే నిలబడి రాసి చుట్టూ తిరుగుతున్నాడు, పరదా కొసల మీద పెట్టిన రాళ్ళు కాలితో తాకి చూసుకుంటున్నాడు. సృజన వెనక్కి తిరిగి నాకు ఒక నంబరు కాగితం ఇచ్చింది, పిన్నీసులు కూడా, గుచ్చనా సార్ అంది. నేను గుచ్చుకుంటాను అన్నాను. గొంతు కటువుగా వచ్చినట్టుంది, ఆ పిల్ల మళ్ళీ ముందుకు తిరిగి కాగితాలు సర్దుకోసాగింది. ఆమె తప్పేముంది. మొదటివారం నేను కాలేజీకి తొడిగిన పాత తోలు బూట్లతో వస్తే, నా మడమలకు బొబ్బలు లేస్తే, మర్నాడు దూది తెచ్చి చేతిలో పెట్టింది. వర్షాల్లో నేను రెండు రోజులు రాకపోతే ముగ్గురూ ఇంటికొచ్చారు, ఎందుకు రాలేదని అడగలేదు, గేటు బయట నిలబడి అక్కడే కాళ్ళు సాగదీసే ఎక్సర్‌సైజులు మొదలుపెట్టారు, ఇరుగుపొరుగు చూస్తుంటే సిగ్గేసి నేనే బయటికి వచ్చాను. ఇంత చేసినవాళ్ళు. ఇదంతా దీక్షిత చేయించిందేనా? నలుగురం కలిసి గీత దాటాలని ఒట్టు పెట్టుకున్నాం, ఎవరు వెనకబడ్డా మిగతావాళ్ళు ఆగాలి, అయిదు కిలోమీటర్లూ అంతే. ఆ ఒట్టు పెట్టినప్పుడు ముగ్గురూ నా వైపే చూశారా, నాకే అట్లా గుర్తుందా? ఇవాళ దిగిపోతే రేపు పొద్దున గేటు దగ్గరికి పోలేను. పోకపోతే పొద్దుటి పూట మళ్ళీ ఆ ఇల్లు. తెలిసే దిగుతున్నాను. జాలి కంటే ఆ ఇల్లే నయం అనుకుంటున్నాను, అనుకుంటూ సంచి ఒళ్ళోకి తీసుకున్నాను, బియ్యం మిల్లుల ఊక వాసన తగులుతోంది, సుల్తానాబాద్ వచ్చేసింది.

చాయ్ హోటల్ ముందు బండి ఆగింది. వెంకటి మళ్ళీ చెయ్యి ఇవ్వబోయాడు, నేను పట్టుకోలేదు. సంచి భుజానికి తగిలించుకొని రోడ్డు అంచున నిలబడ్డాను. అవతలి వైపు బస్సు కోసం ఇద్దరు ముగ్గురు ఉన్నారు. సృజన ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూ హోటల్లోకి పోయింది, కైలాసం ఎటు పోయాడో చూడలేదు. మంజుల రెండు గ్లాసులు పట్టుకొని వచ్చింది, ఒకటి నాకు ఇవ్వబోయి సంచి చూసింది.

"సారూ, సంచెందుకు దించిన్రు?"

కడుపు సంగతి చెబుదామనుకున్నాను. నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"కైలాసం నాకు దమ్మున్నదని నీతోని అన్నడు గదమ్మా. నేను విన్న."

ఆమె మొహం విప్పారింది. సిగ్గుపడుతుందనుకున్నాను, సంతోషపడింది.

"ఇన్నరా? అన్నడు సారూ. ఉన్నది గద మరి."

"నాకు లేదు."

"మీరట్లనే అంటరు. లేకుంటె గట్లెట్ల ఉరుకుతరు?"

"ఎవరు చెప్పిన్రు మీకు? మా దీక్షితనా?"

"ఒకలు జెప్పుడెందుకు సారూ, రోజు సూస్తలేమా. మా అందరికన్న మీకే ఎక్కువున్నది."

ఇంత మొహం మీదనా.

"నాకు లేదమ్మా. మా సరళకు ఉండె. దాంతోనే పోయింది."

మంజుల నవ్వు అట్లాగే కాసేపు మొహం మీద ఉండిపోయింది, తీసేయడం మరిచిపోయినట్టు. నన్ను చూసింది, సంచిని చూసింది, రోడ్డు అవతల బస్సు కోసం నిలబడ్డవాళ్ళను చూసింది. గ్లాసులు రెండూ కింద అరుగు మీద పెట్టేసింది.

"అయ్యో సారూ," అంది మెల్లగా. "గా దమ్ము గాదు."

ఆ తర్వాత చెప్పకూడనిదంతా చెప్పింది, చెబుతున్నంతసేపూ చేత్తో నోరు సగం మూసుకొనే చెప్పింది. ఆ దమ్ము కైలాసానిది. దూది నుసి ఏళ్ళ తరబడి పీల్చిన ఛాతీ, చలి మొదలైనప్పటి నుంచి పట్టేస్తోందట, డాక్టరుకు చూపించుకున్నాడు, పీక ఇచ్చారు, మెల్లగా అయితే ఉరకవచ్చన్నారు. అరచెయ్యి కిందికి నొక్కితే సాంచె ఆపమని, అంటే తన ఛాతీ ఆగమంటోందని. మంజుల నా వైపు చూసేది నేను గమనించానేమోనని. ఎవరూ నా కోసం ఆగలేదు. నాకు దమ్మున్నదని, అంటే గట్టి ఊపిరి ఉన్నదని, కప్ప గుండె గురించి చెబుతూ కూడా అడుగు తప్పడని వాళ్ళు నన్ను చూసి అనుకుంటున్నారు. పంపు దగ్గర మోటారు చప్పుడులో కలిసిపోయిన మాట ఆమె కైలాసం గొంతుతోనే చెప్పింది.

"సారు ముందట మాట్లాడుకుంట ఉరుకుతుంటె నేను గా మాటల ఎన్క పట్టుకొని ఉరుకుతున్న. సారుకు జెప్పకు, తెలిస్తె నా కోసం ఆగుతడు. భార్యను గట్ల జూసిన మనిషి, భయపడ్తడు అన్నడు సారూ."

అన్నీ ఒక్కసారిగా అటు తిరిగాయి, బట్టను తిరగేసినట్టు, అదే నేత, అవే దారాలు. ఉరికేటప్పుడు కైలాసం కబుర్లు మానేసింది తనకు ఊపిరి చాలక. వెనక ఉన్నది మొహం కనపడకుండా ఉండటానికి. ఫోను మోగకుండానే వచ్చింది అతని కోసం. మరి వెంకటి నా మోచెయ్యి పట్టుకున్నదెందుకు? మీరు పైనున్న చిన్న అద్దానికి ఎదురుంగ గూసున్నరు సారూ, మంచు తుడుస్తే మీరే కనవడ్తరు, చెయ్యి వాడు అందరికిస్తడు, కాక విదిలించుకున్నడు అంది మంజుల. దీక్షిత సంగతి నేను అడగలేదు. ఆమెకు పెద్దపల్లి గురించి నేనే చెప్పి ఉంటాను. చెప్పకపోయినా పరవాలేదు.

కైలాసం ఎక్కడ అని చూశాను. నాలుగు దుకాణాల అవతల, మూసి ఉన్న విత్తనాల దుకాణం షట్టరు ముందు నిలబడి ఉన్నాడు. చేతులు వెనక్కి కట్టుకొని, తల కొంచెం పైకెత్తి, షట్టరు మీద రంగులతో రాసిన పురుగుమందుల పేర్లు చదువుతున్నాడు. ఒక్కో పేరూ చదివి, ఇంకోసారి చదివి. అతనికి పొలం లేదు. ఆ షట్టరు మీద అతనికి కావలసినది ఒక్కటీ లేదు. భుజాలు మెల్లగా లేచి దిగుతున్నాయి. గాజుల దుకాణం ముందు తలవంచి నిలబడ్డ సరళ భుజాలు అట్లాగే లేచి దిగేవి. ఆమె పక్కన అన్నేళ్ళు ధరలడిగిన మనిషిని, ఈ మనిషి లేని లేసులు కడుతుంటే నేరం పట్టుకున్నట్టు పట్టుకున్నాను.

సృజన చాయ్ తాగి బయటికొచ్చింది, పెద్దపల్లిలో నంబర్లు పిలుస్తున్నారట త్వరగా రండి అంది. వెంకటి హారన్ కొట్టాడు. ఇంకోసారి కొట్టాడు. మంజుల సంచిలో చెయ్యి పెట్టి నన్ను చూసింది, అతనికి పీక ఇచ్చి రావాలా వద్దా అని. నేను అరచెయ్యి బోర్లించి కిందికి నొక్కాను. సరిగ్గా నొక్కానో లేదో, ఆమెకు అర్థమైంది, ఆగింది. కైలాసం షట్టరు వదిలి బండి వైపు నడవడం మొదలుపెట్టాడు. తొందర తొందరగా, ఏమీ లేనట్టు. నేను ఎదురు వెళ్ళకుండా పక్కకు జరిగి, ఎప్పటిలాగే అతని ముందు బండి వైపు నడిచాను. నాలుగు అడుగులు నడిచేసరికి వెనక అతని ఊపిరి వినిపించింది, సన్నగా, వెదురు గొట్టంలోంచి గాలి పోతున్నట్టు. ఆ చప్పుడు నాకు తెలుసు. బండి ఇంకా దూరం ఉంది.

వంగాను. నా బూట్లకు రెండు ముళ్ళు వేస్తాను, ఊడవు, చలికి వేళ్ళు మొద్దుబారి ఆ ముడి విప్పడమే కష్టమైంది. విప్పాను.

"లేసు ఊడింది కైలాసం," అన్నాను.

అతను వచ్చి నా పక్కన ఆగాడు. నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. నా లేసును చూశాడు, భుజాన ఉన్న సంచిని చూశాడు.

"లేసుల బూట్లతోని గిదే పరేషాన్ సారూ. నా లెక్క పట్టీలయి కొనుక్కోవాలె," అన్నాడు.

అన్నాక ఆగిపోయాడు. ఇద్దరం ఒకేసారి అతని బూట్ల వైపు చూశాం. పట్టీలు గట్టిగా అంటుకొని ఉన్నాయి. వెంకటి మళ్ళీ హారన్ కొట్టాడు, కైలాసం వాడి వైపు అరచెయ్యి బోర్లించి కిందికి నొక్కాడు.

"నింపాదిగ కట్టుకో సారూ," అన్నాడు.

ముడి వేశాను. విప్పాను. మళ్ళీ వేశాను. పక్కన ఊపిరి మెత్తబడేదాకా వేస్తూనే ఉన్నాను.